గొడుగు లేని పేటలో మేళం

సోమవారం

ఈ నెలలో నాకిది మూడో పెళ్ళి. మొగుడు మాత్రం ఒక్కడే.

బుల్లియ్య మొహంలో పెళ్ళికళ పెళ్ళి పెళ్ళికీ తగ్గిపోతోంది. ఇవాళ తలంబ్రాలు పోస్తుంటే "తొరగా కానియ్యి తాయారూ, పొయ్యి మీద పప్పు మాడిపోద్ది" అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చారు. ఎవరేం నవ్వుకున్నా పెళ్ళి పెళ్ళే. మా అడుగుపేట మీద ఇవాళ గొడుగు నిలిచింది. గద్దలు మా నెత్తిన రెండు చుట్లు తిరిగి, ఒక్క గుండు కూడా వదలకుండా అటు పోయాయి.

కొత్తగా వచ్చిన ఒక కుటుంబం నిన్న ఈ గోడ ముందు నిలబడి, గొడుగంటే ఏమిటని అడిగింది. పేట ప్రతినిధి రోజూ సాయంత్రం ఆనాటి సంగతులు పేట గోడ మీద రాయాలన్నది మా ఊరి ఆచారం కాబట్టి, వాళ్ళ కోసం కూడా రాస్తున్నాను. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. మన దిగువపట్నం లోయలో ఉంది. పైనున్న ఎగువ రాజ్యం వాళ్ళు నీళ్ళ కోసం మన మీద యుద్ధానికి దిగారు. వాళ్ళ గద్దలు ఎండ తిని ఎగిరే యంత్రాలు. మన లోయలోకి ఎండ దిగేది మధ్యాహ్నం కాసేపే కాబట్టి గద్దలు వచ్చేదీ అప్పుడే. గొడుగు కంటికి కనపడదు. దాని మీద పడ్డ గుండు జారిపోయి ఎండిన వాగులో పడుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఊళ్ళో పేటలు తొమ్మిది, గొడుగు చాలేది ఎనిమిదింటికి. రోజుకొక పేట గొడుగు లేకుండా తడవాలి. ఏది తడవాలో పొద్దున్నే మైదానంలో, ఊరంతా చూస్తుండగా, వంతుల సభ తేలుస్తుంది. భూమి మీద మన పెద్దలు కాలవ నీళ్ళు పంచుకున్న పద్ధతే ఇది. గొడుగు తిప్పేవాణ్ణి మనం లస్కరు అనడం కూడా అందుకే.

ఇక పెళ్ళి సంగతి. సూర్యుడు చూడని పెళ్ళి పెళ్ళి కాదని మన అమ్మమ్మలు భూమి నుంచి ఒక పట్టు పట్టుకుని వచ్చారు. లోయలో సూర్యుడు కనపడేదీ, గద్దలు వచ్చేదీ ఒకే వేళ. అందుకని పెళ్ళి ఉన్న పేటను తడవనివ్వకూడదు. అడక్కుండానే మిగతా పేటలు ఒప్పుకుంటాయి. అది మర్యాద. మర్యాదను వాడుకోవడంలో మాత్రం మా పేటను మించింది లేదని గర్వంగా చెబుతున్నాను. మూఢం వెళ్ళి పది రోజులన్నా కాలేదు, అప్పుడే అడుగుపేటలో పెళ్ళికాని మనిషి మిగల్లేదు. అందుకే పెళ్ళయిన వాళ్ళకు మళ్ళీ చేస్తున్నాం. అన్ని పేటల్లోనూ ఇదే వరస. ఏ రోజు ఏ పేటలో పీటలెక్కే జంట దొరకదో ఆ రోజు ఆ పేట తడుస్తుంది.

మంగళవారం

రవ్వలపేట తడిసింది. ఇద్దరు పోయారు. ఒకామె నాకు తెలుసు, మా ఆడపడుచులకు రవికలు కుట్టేది. వాళ్ళ వీధిలో నిలబడి ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

సభలో అందరి నోటా ఒకటే మాట. ఎగువ వాళ్ళ దగ్గర గుండ్లు తక్కువ. ఒక్కొక్కటీ ఎక్కడి నుంచో మోసుకురావాలి. యుద్ధం మొదలైన కొత్తలో వాళ్ళు గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎక్కడ పడితే అక్కడ వేసేవాళ్ళు. మూడొంతులు గొడుగు మీద జారిపోయేవి. వారం రోజులుగా ఒక్కటీ వృథా కావడం లేదు. తడిసే పేట ఏదో చెప్పినట్టే అక్కడే వేస్తున్నారు.

సభాపతి త్రిమూర్తులు గారు లేచారు. మనిషి తెలివైనవాడు, మాట మెత్తన. "మనలోంచే ఎవరో చెబుతున్నారండి. ఊరంతా చూత్తుండగా వంతులేసుకుంటే చెప్పడం ఎంతసేపు? మైదానం మానేసి గదిలో తలుపులేసేద్దాం. వంతులు నేనొక్కణ్ణే ఏత్తాను. లస్కరికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. పేట గోడల మీద రాతలు కూడా ఆపెయ్యాలి" అన్నారు. బోలెడన్ని చప్పట్లు.

నేను లేచాను. నేను లేవకుండా ఉండడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "సభాపతి గారూ, యుద్ధం మొదలైన కాణ్ణుంచి మీ మెట్లపేట ఒక్క రోజన్నా తడిసిందాండి?" అని అడిగాను.

"నీళ్ళ పంపులు మా పేటలోనే ఉన్నాయండి, మంగతాయారు గారూ. అవి పోతే ఊరు పోద్ది."

"గొడుగుకి పంపులుంటే చాలు కదండి. మరి మీ పేటలో రోజూ ఆ పెళ్ళిళ్ళెందుకు?"

"పరువుకండి" అన్నారు నవ్వకుండా. సభ మొత్తం నవ్వింది. తలుపులు మూసే సంగతి శుక్రవారం చేతులెత్తి తేల్చాలని ఆగింది. నవ్విన వాళ్ళలో సగం మంది తలుపులు మూయడానికే చెయ్యెత్తుతారని వాళ్ళ కళ్ళలోనే తెలిసిపోయింది. భయపడ్డ మనిషికి తలుపు మూస్తే ధైర్యంగా ఉంటుంది.

బుధవారం

యేసుపాదాన్ని పట్టుకున్నారు.

ఊళ్ళో సన్నాయి మేళాలన్నిటికీ పెద్ద అతను, మా పేట మనిషే. ఏ పేటలో పెళ్ళి ఉందో, ఏ పేటలో లేదో పొద్దున్నే అందరికన్నా ముందు అతనికి తెలుస్తుంది. దానికి తోడు అతని అక్కను ఎగువ వాళ్ళకిచ్చారు, యుద్ధానికి చాలా ముందు. ఈ రెండూ కలిపి ద్రోహం అన్నారు. శుక్రవారం సభ ఒప్పుకుంటే ఎగువ గేటు బయటికి పంపేస్తారు. ఆ గేటు బయట పీల్చడానికి గాలి చాలదు. పంపిన వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

నేనూ బుల్లియ్యా అతన్ని పెట్టిన ఖైదు కొట్టు దగ్గరికి వెళ్ళాం. యేసుపాదం గోడకు చేరగిలి కూర్చుని, సన్నాయి పీకను బుగ్గన పెట్టుకుని తడుపుతున్నాడు.

"రేపు రెండు పేటల్లో మేళాలు ఒప్పుకున్నానండి, తాయారమ్మగారూ. కుర్రోళ్ళకి కబురెట్టండి. మాటిచ్చి ఎల్లకపోతే బాగోదు."

"ముందు నీ సంగతి చూసుకోవయ్యా."

"నా సంగతేవుందండి. అక్కతో మాటాడి ఆరేళ్ళయ్యింది. బతికుందో లేదో కూడా తెలీదు. ఆళ్ళు నమ్మితే నమ్ముతారు." పీక బయటికి తీసి చూసుకున్నాడు. "భయంగానే ఉందండి" అన్నాడు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా త్రిమూర్తుల్ని తిడుతూనే ఉన్నాను. బుల్లియ్య విని విని, విసుగెత్తి ఒక మాటన్నాడు. "ఈ యుద్ధానికి మూఢవే నయం. పెళ్ళి గోల లేదు. గుండ్లు కూడా గొడుగు మీదే పడేయి."

నడివీధిలో ఆగిపోయాను.

యుద్ధం మొదలైందే మూఢంలో. ఈ గ్రహం మీద గురుడూ శుక్రుడూ ఎలా కనపడతారో ఎవరికీ పట్టదు. భూమి పంచాంగం చూసి మూఢం అంటారు, మనం పెళ్ళిళ్ళు మానేస్తాం. ఆ రోజుల్లో గద్దలు గుడ్డివి. మూఢం వెళ్ళింది, ముహూర్తాలు మొదలయ్యాయి, ఆ వారం నుంచే గద్దలకు కళ్ళొచ్చాయి. కళ్ళు కూడా కాదు, చెవులు. మధ్యాహ్నం ఊరంతా ఇళ్ళలో దూరి కిక్కురుమనదు. ఆ నిశ్శబ్దంలో పెళ్ళి మేళాలు మాత్రం లోయ గోడలకు తగిలి పైదాకా వినపడతాయి. ఎనిమిది పేటల్లో డోలు, తొమ్మిదో పేటలో చీమ చిటుక్కుమనదు. ఎగువ వాళ్ళకు ఇంకో మనిషి చెప్పాలా? మనమే రోజూ సన్నాయి ఊది మరీ చెబుతున్నాం.

బుల్లియ్యను వీధిలోనే కౌగిలించుకున్నాను. మూడు పెళ్ళిళ్ళలోనూ నాకు అంత ప్రేమ పుట్టలేదు. "జనం చూత్తన్నారే" అని గింజుకున్నాడు పాపం.

గురువారం

ఇవాళ సభలో నా అంత సంతోషంగా మాట్లాడిన మనిషి లేదు, నా అంత ఘోరంగా ఇరుక్కున్న మనిషీ లేదు.

మూఢం సంగతీ మేళం సంగతీ ఒక్క ఊపులో చెప్పేశాను. సభ నోరు తెరుచుకుని విన్నది. త్రిమూర్తులు గారు మెత్తగా అడిగారు. "అంటే శత్రువుకి చెప్పింది మేళవేనంటారు. బానే ఉంది. మరి ఆ మేళం ఎవరిదండి?"

యేసుపాదాన్ని విడిపించబోయి అతని మెడకు నేనే తాడు చుట్టాను. రవ్వలపేట వాళ్ళు లేచి అరుస్తున్నారు. ఇద్దర్ని పోగొట్టుకున్న పేట, అరవరూ మరి.

"పిలిచింది మనం" అన్నాను. "తాంబూలం ఇచ్చి పిలిచింది మనం. తప్పయితే తొమ్మిది పేటలదీ తప్పే. గేటు బయటికి ఎల్లాలంటే ఊరు ఊరంతా ఎల్లాలి." ఆ అరుపుల్లో నా మాట ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు నాకు తిక్క రేగింది. తిక్కలో నా నోటికి అడ్డుండదు. "రేపు మా అడుగుపేట తడుత్తాది. పెళ్ళి లేకుండానే మేళం వాయిత్తాం. మెట్లపేట ఒక్కటే గొడుగు కింద నోరు మూసుకుని కూచోవాలి. గుండ్లు మా మీద పడితే యేసుపాదాన్నీ నన్నూ కలిపి గేటు బయటికి పంపండి. మెట్లపేట మీద పడితే అతన్ని వదలండి" అన్నాను.

త్రిమూర్తులు గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయనకు పోయేదేముంది? గొడుగు ఆయన మీదే ఉంటుంది. గొడుగు వంతు వదులుకున్న ప్రతినిధి తన మేడ మీద నిలబడి తడవాలన్నది మన పాత నియమం. దానికీ సరేనన్నాను.

విజయగర్వంతో పేటకు వచ్చాను. సత్తెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మా పేటలో అందరికన్నా పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది. ఆమె వెనక పేటంతా ఉంది.

"ఏవే తాయారూ, మా నెత్తిన గొడుగు లేకుండా చేసొచ్చావంట కదా. ఎవర్ని అడిగేవు?"

ఎవర్నీ అడగలేదు. ఆ మాట నాకు అప్పుడే తట్టింది. పొద్దుట్నుంచీ సభలో తలుపులు మూయొద్దని గొంతు చించుకున్నదాన్ని, మా పేట నెత్తిన గుండ్లు పడే సంగతి నా ఒక్కదాని నోటితో తేల్చేశాను.

"యేసుపాదం కోసవే కదా పిన్నీ" అన్నాను.

"అడిగుంటే ఒప్పుకునేదాన్నే. అడగలేదు గనక ఒప్పుకోను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇదే గోడ ముందు నిలబడి అందరినీ తప్పు క్షమించమని అడిగాను. తర్వాత అసలు సంగతి అడిగాను. రేపు మధ్యాహ్నం గొడుగు ఉండదు. పిల్లల్నీ మంచం పట్టిన వాళ్ళనీ పొద్దున్నే పక్క పేటకు పంపేద్దాం. వెళ్ళదలచుకున్న వాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఉన్నవాళ్ళు మేడల మీద వాయించాలి. ఉంటారా?

సత్తెమ్మ లోపలికి వెళ్ళింది. ఒప్పుకోక వెళ్ళిపోయిందనుకున్నాను. ఇత్తడి పళ్ళెం, గరిటె పట్టుకుని తిరిగి వచ్చింది.

"ఇప్పుడడిగేవు కదా" అంది.

శుక్రవారం

ఇవాళ అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి.

యేసుపాదాన్ని ఇద్దరు కాపలావాళ్ళు తీసుకొచ్చారు. అతని డోలువాళ్ళు నలుగురూ అప్పటికే మా మేడ మీద ఉన్నారు. మిగతా మేడల మీద మా పేట జనం. పళ్ళేలు, బిందెలు, ఒకాయన చేతిలో రోకలి. వెళ్ళిపోయిన వాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. బుల్లియ్య నా పక్కనే నిలబడ్డాడు. కిందికి పొమ్మంటే, "ఈ నెల్లోనే మూడు సార్లు ముడేయించుకున్నావు, ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతాను" అన్నాడు.

ఎండ లోయ గోడ మీద మెల్లగా కిందికి జారింది. అంచున ఉన్న మెట్లపేట ముందు వెలిగింది, అడుగున ఉన్న మా పేట చివరికి. గద్దలు వచ్చాయి. యేసుపాదం సన్నాయి ఎత్తాడు.

భయపడ్డానని ఒప్పుకుంటున్నాను. రోజూ గొడుగు కింద నిలబడి చూసిన గద్ద వేరు, ఏ అడ్డూ లేకుండా నెత్తిన చూసిన గద్ద వేరు. ఒకటి కిందికి, ఇంకా కిందికి, మా మేడకు తాడిచెట్టంత ఎత్తులోకి వచ్చి ఆగింది. దాని పొట్ట కింద గుండు కనపడుతోంది. డోలువాళ్ళలో ఒకడి చేతులు ఆగిపోయాయి, తర్వాత రెండోవాడివి. మేళం సన్నబడింది. గద్ద పక్కకు వంగి మళ్ళీ మా వైపు తిరిగింది. యేసుపాదం కళ్ళు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. వెనక మేడ మీద నుంచి సత్తెమ్మ పళ్ళెం ఠంగుఠంగుమంటోంది. నేను ఏం చేశానో తెలుసా? పెళ్ళిపాట ఎత్తుకున్నాను. నా గొంతు బాగోదని ఊరందరికీ తెలుసు. పక్క మేడలు అందుకున్నాయి, బిందెలు మోగాయి, డోళ్ళు మళ్ళీ లేచాయి.

గద్ద పైకి లేచి పోయింది.

ఆ తర్వాత గుండ్లన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, నిశ్శబ్దంగా ఉన్న మెట్లపేట మీద పడ్డాయి. గొడుగు మీద జారి వాగులో పేలాయి. మా పేట మేడల మీద కేకలు, ఏడుపులు, నవ్వులు. కాపలావాళ్ళలో ఒకడు యేసుపాదాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

సాయంత్రం సభ. యేసుపాదాన్ని వదిలేశారు. త్రిమూర్తులు గారు అప్పటికీ తగ్గలేదు. "మంగతాయారు గారి తెలివికి దణ్ణం పెడతానండి. తొమ్మిది పేటల్లోనూ వాయిద్దాం. శత్రువు మళ్ళీ గుడ్డోడైపోతాడు. అందుకేనండి నేననేది, ఇప్పుడైతే తలుపులు మూసి తీరాలి. తడిసే పేట ఏదో ఎవరికీ తెలీకూడదు, ఆ పేటోళ్ళకి కూడా" అన్నారు. మంచి వాదనే. చాలా తలలు ఊగాయి.

నేను అరవలేదు. నా జన్మలో మొదటిసారి. "తడిసే పేట వాళ్ళే ఎక్కువ గట్టిగా వాయించాలండి" అన్నాను. "ఆళ్ళు ఆగితే చచ్చేది ఆళ్ళే. నిన్న నేను మా పేటకి చెప్పకుండా మాటిచ్చి ఎల్లేను, మా సత్తెమ్మ పిన్ని గుమ్మంలోనే నిలబెట్టేసింది. అడిగితే వచ్చింది. నెత్తి మీద గొడుగు లేదని తెలిసి కూడా వచ్చింది. చెప్పకుండా తడపండి, ఒక్కసారి ఒక్క పేటకి ఆ సంగతి తెలిసిందో, మర్నాటి నుంచి తొమ్మిది పేటల్లో ఒక్కడు కూడా మేడెక్కడు. అడిగితేనేనండి ఎవరైనా వాయిత్తారు. ఇంకోటి. రేపు మెట్లపేట తడవాలి. పంపుల తొట్లు పొద్దున్నే నింపుకుందాం."

చేతులెత్తారు. ఒక్క చెయ్యి తేడాతో తలుపులు తెరిచే ఉంటాయి. మెట్లపేట వంతుకూ ఒప్పుకున్నారు. త్రిమూర్తులు గారు లేచి మెట్లపేట దారి పట్టారు. ఆయన పేటవాళ్ళను అడగాల్సిన పని ఆయనకు ఇంతవరకూ పడలేదు.

శనివారం

అందరూ ముందడిగేది ముందే చెప్పేస్తాను. ఇవాళ గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి, అన్నీ గొడుగు మీదే జారిపోయాయి. ఎవరూ పోలేదు. రేపు ఎవరి అదృష్టం ఎలా ఉంటుందో తెలియదు. తొమ్మిదింట ఒకటి ఎప్పుడూ తడుస్తూనే ఉంటుంది. ఇవాళ మాత్రం ఎవరూ పోలేదు.

నేను రాయాలనుకున్నది ఇంకో సంగతి. ఎండ ముందు తగిలేది మెట్లపేటకు కాబట్టి మేళం అక్కడ మొదలవ్వాలి. మేమంతా మా మేడల మీద ఎదురుచూస్తున్నాం. మా గొడుగు మా మీద ఉంది, భయం లేదు. పైన మెట్లపేట గోడ ఎర్రగా వెలిగింది. అక్కడ చప్పుడు లేదు. మేడల మీద మనుషులు కనపడుతున్నారు, కదలడం లేదు. గద్దల మూలుగు లోయ అంచున మొదలైంది. సభాపతి గారు తన పేటను అడగలేదేమో అనుకున్నాను. అడిగినా వాళ్ళు ఒప్పుకోలేదేమో. పంతం కొద్దీ ఆయన పేటను తడిపిన పాపం నాదే అనిపించింది. అక్కడ పిల్లలున్నారో పంపేశారో కూడా నేను అడగలేదు.

అప్పుడు ఒక డోలు మోగింది. ఒకే ఒక్కటి. దెబ్బకూ దెబ్బకూ పొంతన లేదు. ఆగి, మళ్ళీ మోగింది. ఎత్తైన మేడ మీద, తెల్ల చొక్కా మనిషి, మెడలో డోలు వేలాడేసుకుని రెండు చేతులతో బాదుతున్నాడు. త్రిమూర్తులు గారు. వెనక నుంచి ఒకావిడ పళ్ళెం పట్టుకుని మేడెక్కింది. ఆ తర్వాత ఇంకో మేడ మీద, ఇంకో మేడ మీద.

నాకు ఏడుపొచ్చేసింది. పక్కన యేసుపాదం తల ఒక వైపుకు వాల్చి శ్రద్ధగా వింటున్నాడు.

"సభాపతిగారు తాళం పూర్తిగా తప్పేత్తన్నారండి" అన్నాడు.

"ఏం చేద్దాం మరి?"

"ఏవుందండి. గొడుగు లేనోళ్ళు ఆళ్ళు. మనవే ఆళ్ళ తాళంలోకి ఎల్దాం" అని సన్నాయి ఎత్తాడు.